ముఖంలో షాక్ కొట్టే నొప్పి: మాత్రలా, సూదా, రేడియేషనా, రక్తనాళాన్ని తప్పించే ఆపరేషనా?

బుగ్గ, చిగురు, దవడ, ఒక్కోసారి కనుబొమ. ముఖానికి ఒక్క వైపే, కరెంటు షాక్ కొట్టినట్టు క్షణాల పాటు వచ్చి పోయే నొప్పి ఐదో కపాల నాడిది, అంటే ముఖం స్పర్శను మెదడుకు మోసే నరానిది. దీన్ని ట్రైజెమినల్ న్యూరాల్జియా అంటారు. ఈ నరం మెదడు కాండం నుంచి బయటికి వచ్చే చోట ఒక రక్తనాళం దాని మీద ఆనుకుని కొట్టుకుంటూ ఉండడమే చాలామందిలో దీనికి కారణం. ఆ రక్తనాళం ఎక్కువసార్లు సుపీరియర్ సెరిబెల్లర్ ధమని అవుతుంది. ఏళ్ల తరబడి ఆ ఒరిపిడికి కరెంటు తీగ తొడుగు అరిగినట్టు నరం పైపొర అరిగిపోతుంది. అప్పుడు స్పర్శను మోసే పోగుల సంకేతం నొప్పి పోగుల్లోకి దూకుతుంది. మొహం కడుక్కున్నా, బ్రష్ తగిలినా, ముద్ద నమిలినా, బండి మీద వెళ్తుంటే ఎదురుగాలి కొట్టినా ప్రాణం పోయినంత పనవుతుంది. పుష్యమాసపు చలిగాలికి తువ్వాలు కట్టుకోకుండా బయటికి రాలేనివాళ్లు, నమలలేక చోడి అంబలితోనే రోజు గడిపేవాళ్లు ఈ జబ్బులో కనిపిస్తారు.

అసలు సలహా ముందే చెబుతున్నాం. నొప్పి తీరు కచ్చితంగా ఇదే అయి ఉండాలి, ఎం.ఆర్.ఐ.లో రక్తనాళం నరాన్ని నొక్కుతూ కనబడాలి, ఒళ్లు మత్తుకు తట్టుకోవాలి. ఈ మూడూ కుదిరితే, రక్తనాళాన్ని నరం మీంచి తప్పించే ఆపరేషన్‌ను అన్నీ అయిపోయాక చూద్దామని పక్కన పెట్టకండి. మూడింటిలో ఏ ఒక్కటి లోపించినా లెక్క మారిపోతుంది.

ముందు జబ్బు అదేనా?

తప్పు ఎక్కువగా జరిగేది ఇక్కడే. నొప్పి చిగుట్లో పుడుతుంది కాబట్టి పన్ను పీకించుకుంటారు. తగ్గకపోతే పక్క పన్ను కూడా పీకిస్తారు. పన్ను నొప్పి గంటల తరబడి సలుపుతుంది, చల్లటి నీళ్లకో వేడికో పెరుగుతుంది, రాత్రి నిద్ర పట్టనివ్వదు. నరం నొప్పి క్షణం నుంచి 2 నిమిషాల లోపే ఉంటుంది. మెరుపులా వచ్చి ఆగిపోతుంది, మళ్లీ వస్తుంది. మధ్యలో చాలామందికి ఏమీ ఉండదు. చర్మాన్ని మెల్లగా తాకితే చాలు పుడుతుంది, గట్టిగా నొక్కితే రాకపోవచ్చు. నిద్రలో సాధారణంగా రాదు.

కొన్ని లక్షణాలుంటే వేరే కారణం వెతకాలి. వయసు 40 లోపు ఉండడం, నొప్పి రెండు వైపులా రావడం, ముఖం మొద్దుబారడం, ఆ వైపు చెవి వినికిడి తగ్గడం అలాంటివి. కణితి గానీ మల్టిపుల్ స్క్లెరోసిస్ (మెదడు, వెన్నుపాముల్లో నరాల పైపొర దెబ్బతినే జబ్బు) గానీ అలా బయటపడుతుంది. అక్కి వచ్చి తగ్గిన చోట మండుతూ ఉండే నొప్పి కూడా దీనికి వేరు, దాని వైద్యమూ వేరు. మన శ్రీకాకుళం, విజయనగరం తీరప్రాంత పల్లెల విషయంలో ఇంకో మాట చెప్పాలి. చుట్టను నిప్పు వైపు నోట్లో పెట్టుకుని అడ్డపొగ తాగే ఆడవాళ్లలో అంగిలి క్యాన్సర్ రావడం ఈ ప్రాంతంలో ఎప్పటి నుంచో తెలిసిన సంగతే. వాళ్లకి దవడలోనో బుగ్గలోనో ఎడతెగని నొప్పి ఉంటే నరం మాత్రలు మొదలుపెట్టే ముందు నోరు తెరిపించి, లైటు వేసి అంగిలి చూడాలి. రెండు నిమిషాల పని అది, దాన్ని వదిలేయకూడదు.

ఎం.ఆర్.ఐ. అంటే మామూలు ఎం.ఆర్.ఐ. కాదు

తల ఎం.ఆర్.ఐ. అని మాత్రమే రాయించుకుని తీయిస్తే కణితి ఉందో లేదో తెలుస్తుంది. నరం మీద రక్తనాళం ఉందో లేదో చాలాసార్లు తెలియదు. స్కాన్ తలను పొరలు పొరలుగా తీసే బొమ్మలు, అంటే ముక్కలు, మందంగా ఉంటే సన్నటి నరం రెండు ముక్కల మధ్యలోనే దాక్కుంటుంది. సీటీ స్కాన్ దీనికి అసలు సరిపోదు. చీటీ మీద త్రీడీ సి.ఐ.ఎస్.ఎస్. లేదా ఫియెస్టా అనే పల్చటి ముక్కల టీ2 వరస, దాంతోపాటు రక్తనాళాలను చూపే టీ.ఓ.ఎఫ్. ఆంజియో అని రాయించుకోవాలి. ఈ రెండింటికీ రంగు మందు ఎక్కించనక్కర్లేదు. 3 టెస్లా (అయస్కాంత బలం కొలత) యంత్రమైతే మేలు, 1.5 టెస్లా మీద కూడా సరైన వరసలు తీస్తే పని జరుగుతుంది. స్కాన్ బుక్ చేసుకునేటప్పుడే ఈ వరసలు తీస్తారా అని అడగండి. లేకపోతే డబ్బులు పెట్టి రెండోసారి తీయించుకోవాల్సి వస్తుంది.

రిపోర్టులో 'రక్తనాళం తాకుతోంది' అన్నంత మాత్రాన తేలిపోదు. నొప్పి లేని వైపున కూడా రక్తనాళం నరానికి ఆనుకుని కనిపించడం మామూలే. నరం వంగిందా, పక్కకు జరిగిందా, సన్నబడిందా అన్నది చూడాలి. ఆ మార్పు ఉంటే ఆపరేషన్ ఫలితం మీద నమ్మకం పెరుగుతుంది. సిర మాత్రమే నొక్కుతుంటే ఆ నమ్మకం కొంత తగ్గుతుంది.

మాత్రలతో ఎంతవరకు?

అందరూ మొదలుపెట్టేది మాత్రలతోనే, అది సరైన పద్ధతే. కార్బమజపైన్‌ను ఉదయం, రాత్రి 100 మిల్లీగ్రాముల చొప్పున మొదలుపెట్టి కొద్ది రోజులకోసారి పెంచుతారు. చాలామందికి రోజుకు 400 నుంచి 800 మధ్య నొప్పి అదుపులోకి వస్తుంది, 1200 దాకా వెళ్లొచ్చు. మొదట్లో ఇది ఎంత బాగా పనిచేస్తుందంటే, అసలు ఏమాత్రం గుణం కనిపించకపోతే జబ్బు నిర్ధారణనే మళ్లీ చూసుకోవాలి. మూడు నాలుగు వారాలయ్యాక మందు పట్టు తప్పినట్టు అనిపిస్తుంది. శరీరం దాన్ని త్వరగా విరిచేయడం మొదలుపెడుతుంది కాబట్టి అలా జరుగుతుంది. మందు పనికిరాదని మానేయకుండా డాక్టరుకు చెప్పి మోతాదు సరిచేయించుకోవాలి.

మత్తుగా ఉండడం, నడకలో తూలడం, సోడియం పడిపోవడం, తెల్ల కణాలు తగ్గడం దీని దుష్ఫలితాలు. మొదలుపెట్టే ముందొకసారి, నెలలోపు ఇంకోసారి రక్త కణాలు, సోడియం, కాలేయం పరీక్షలు చేయించాలి. తొలి వారాల్లో ఒంటి మీద దద్దుర్లు, నోట్లో పుండ్లు, కళ్లు ఎర్రబడడం, జ్వరం వస్తే ఆ రోజే మాత్ర ఆపి ఆసుపత్రికి వెళ్లాలి. చర్మం ఊడిపోయే ప్రాణాంతకమైన రియాక్షన్ అలాగే మొదలవుతుంది. హెచ్.ఎల్.ఎ.-బి 1502 అనే జన్యురకం ఉన్నవాళ్లలో ఆ ముప్పు ఎక్కువ. వీలున్న చోట ముందే ఆ రక్త పరీక్ష చేయించుకోవచ్చు. ఆక్స్‌కార్బజపైన్ మత్తు తక్కువ చేస్తుంది గానీ సోడియాన్ని ఇంకా ఎక్కువ దించుతుంది. బీపీకి నీరు లాగే మాత్ర వేసుకుంటున్న పెద్దవాళ్లు దీని మీద ఉండి, ఉన్నట్టుండి మాట తడబడి, మనుషుల్ని గుర్తుపట్టకపోతే పక్షవాతం ఒక్కటే అనుకోకుండా సోడియం కూడా చూపించండి.

శ్రీకాకుళం జిల్లా ఉద్దానం వాళ్లకు ప్రత్యేకంగా ఒక మాట. కవిటి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు వైపు కిడ్నీ జబ్బు ఎంతగా ఉందో తెలిసిందే. మందుల షాపులో అమ్మే మామూలు నొప్పి బిళ్లలు ఈ నరం నొప్పి మీద పనిచేయవు. పైగా కిడ్నీని ఇంకా దెబ్బతీస్తాయి. డైక్లోఫెనాక్ సూదులు రోజూ పొడిపించుకోవడం అన్నివిధాలా నష్టమే. నరానికి ఇచ్చే గాబాపెంటిన్, ప్రెగాబాలిన్, బాక్లోఫెన్ కూడా కిడ్నీ ద్వారానే బయటికి పోతాయి. కిడ్నీ పని తగ్గినవాళ్లు మామూలు మోతాదు వేసుకుంటే మందు ఒంట్లో నిలవై మగత, తికమక, ఒక్కోసారి స్పృహ తప్పడం దాకా వెళ్తుంది. బాక్లోఫెన్ విషయంలో మరీ జాగ్రత్త. క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు చెప్పే రక్త పరీక్ష) కాగితం చేతిలో లేకుండా ఈ మాత్రలు రాయించుకోకండి.

మాత్రలతో ఏళ్లు గడిచిపోయేవాళ్లూ ఉన్నారు. వాళ్లకి ఆపరేషన్ తొందరేమీ లేదు. కానీ మోతాదు పెరుగుతూ పోతూ, నొప్పి తగ్గించే మోతాదు దగ్గరే మనిషి తూలుతుంటే మాత్రల దారి అయిపోయినట్టే. అక్కడి నుంచి ఇంకో మూడు నాలుగేళ్లు నెట్టుకురావడం మంచిది కాదన్నది మా గట్టి అభిప్రాయం. నొప్పి మొదలై 8 ఏళ్లు దాటాక ఆపరేషన్ చేయించుకున్నవాళ్లలో నొప్పి తిరగబెట్టడం ఎక్కువని తేలింది.

రక్తనాళాన్ని తప్పించే ఆపరేషన్

మైక్రోవాస్కులర్ డికంప్రెషన్ అని దీని పేరు, ఎం.వి.డి. అంటారు. రక్తనాళం నరాన్ని నొక్కడాన్ని 1930ల్లోనే వాల్టర్ డాండీ గమనించి రాశాడు. ఆపరేటింగ్ మైక్రోస్కోపు కింద దీన్ని ఒక పద్ధతిగా స్థిరపరిచినవాడు పీటర్ జానెట్టా, 1960ల చివర్లో. మిగతా పద్ధతులన్నీ నరాన్ని ఎంతో కొంత గాయపరిచి నొప్పిని ఆపుతాయి. ఇదొక్కటే నరాన్ని అలాగే ఉంచి కారణాన్ని తీసేస్తుంది.

పూర్తి మత్తు ఇచ్చి, పక్కకు పడుకోబెట్టి, మూడు మేకుల బిగింపులో తలను కదలకుండా పెడతారు. చెవి వెనక 5 నుంచి 7 సెంటీమీటర్ల కోత పెట్టి, సుమారు 3 సెంటీమీటర్ల వెడల్పున ఎముక తెరుస్తారు. రెండు పెద్ద సిరల కాలువలు కలిసే మూల దగ్గర ఈ తెరుపు ఉండాలి. అది కిందికో వెనక్కో జరిగితే నరం దాకా చూడడానికి చిన్నమెదడును ఎక్కువ నొక్కాల్సి వస్తుంది. మెదడు పొర తెరిచి ద్రవం వదిలితే చిన్నమెదడు తనంతట తానే వెనక్కి జారుతుంది. ఆ ఓపిక చూపించే సర్జన్‌కి రిట్రాక్టర్ (మెదడును పక్కకు పట్టి ఉంచే పరికరం) అవసరం బాగా తగ్గుతుంది. తర్వాత నరాన్ని మెదడు కాండం దగ్గర్నుంచి ఎముక రంధ్రం దాకా పూర్తిగా చూడాలి. ఒక రక్తనాళం కనబడగానే ఆగిపోతే దాని వెనక నొక్కుతున్న రెండోది మిగిలిపోతుంది. ఆపరేషన్ అయినా నొప్పి తగ్గకపోవడానికి అదొక కారణం. తప్పించిన ధమనికీ నరానికీ మధ్య టెఫ్లాన్ దూది పెడతారు. తక్కువైతే జారిపోతుంది, ఎక్కువైతే అదే నరాన్ని నొక్కుతుంది. కొందరు సర్జన్లు ధమనిని దూరంగా లాగి పక్క పొరకు కట్టేస్తారు. మొత్తం రెండు నుంచి నాలుగు గంటలు పడుతుంది. ఒక రాత్రి ఐ.సి.యు., తర్వాత సాధారణంగా వారం లోపు ఇంటికి పంపుతారు.

ఫలితాల విషయానికొస్తే, అమెరికాలోని పిట్స్‌బర్గ్‌లో జానెట్టా బృందం 1185 మంది రోగుల వివరాలను 1996లో ప్రచురించింది. ఆపరేషన్ అయిన వెంటనే 82 శాతం మందికి నొప్పి పూర్తిగా పోయింది. పదేళ్ల తర్వాత 70 శాతం మంది మాత్ర లేకుండా, నొప్పి లేకుండా ఉన్నారు. తిరగబెట్టినవాళ్లలో ఎక్కువమందికి మొదటి రెండేళ్లలోనే తిరగబెట్టింది. మరణాలు రెండు, అంటే 0.2 శాతం. ఆ వైపు వినికిడి పోయినవాళ్లు సుమారు ఒక శాతం. ఇవి వేల ఆపరేషన్లు చేసిన చోటి అంకెలని గుర్తుంచుకోండి. అరుదుగా చేసే చోట ఇబ్బందుల శాతం ఎక్కువగా ఉంటుంది.

ఈ ఆపరేషన్‌లో ఏ ఇబ్బందులు వస్తాయి, ఎందుకు? చెవి వెనక ఎముకలో గాలి గదులుంటాయి. అవి తెరుచుకుంటే ఎముక మైనంతో పూడ్చాలి, మెదడు పొరను నీరు కారకుండా కుట్టాలి. లేకపోతే మెదడు ద్రవం చెవి లోపలి గొట్టం గుండా ముక్కులోకి కారుతుంది. ముందుకు వంగితే ముక్కులోంచి నీళ్లలాంటిది పడడం, గొంతులో ఉప్పగా తగలడం, కుట్టు దగ్గర తడి ఉంటే జలుబు అనుకోకూడదు. అది మెదడు పొరల ఇన్ఫెక్షన్‌కు దారి. ఎనిమిదో నరం, అంటే వినికిడి నరం, పక్కనే ఉంటుంది కాబట్టి చిన్నమెదడును లాగితే అదీ సాగుతుంది, వినికిడి దెబ్బతింటుంది. ఆపరేషన్ జరుగుతున్నంతసేపూ చెవి సంకేతాలను చూపించే యంత్రం పెడితే సంకేతం ఆలస్యం కాగానే సర్జన్ లాగుడు ఆపుతారు. దారిలో అడ్డొచ్చే పెట్రోసల్ సిరను తెంచితే కొందరిలో చిన్నమెదడు వాస్తుంది. వీలైనంత వరకు దాన్ని కాపాడాలి. మొదటి రోజుల్లో తలనొప్పి, వాంతి, కళ్లు తిరగడం మామూలే. జ్వరం, మెడ బిగుసుకోవడం మామూలు కాదు.

నొప్పి పోయిందని కార్బమజపైన్ మర్నాడే మానకండి. కొన్ని వారాల మీద మెట్లు మెట్లుగా తగ్గించాలి.

సూది పద్ధతులు

బుగ్గ గుండా సూది పెట్టి, పుర్రె అడుగున ఉన్న అండాకార రంధ్రంలోంచి నరం కొమ్మలుగా చీలే ముడి (గాంగ్లియన్) దాకా వెళ్తారు. తల తెరవరు, ఒకటి రెండు రోజుల్లో ఇంటికి పోవచ్చు, గుణం చాలామందికి వెంటనే తెలుస్తుంది. వయసు మీరినవాళ్లకి, గుండె బలహీనంగా ఉన్నవాళ్లకి, మల్టిపుల్ స్క్లెరోసిస్ ఉన్నవాళ్లకి, ఎం.ఆర్.ఐ.లో రక్తనాళం కనబడనివాళ్లకి ఇవి మంచి దారి. నొప్పికి తిండి మానేసి చిక్కిపోతున్న మనిషిని ముందు నిలబెట్టడానికీ పనికొస్తాయి.

రేడియోఫ్రీక్వెన్సీలో సూది మొనను 60 నుంచి 80 డిగ్రీల దాకా వేడి చేస్తారు. మధ్యలో రోగిని మేల్కొలిపి ఎక్కడ తిమ్మిరి తగులుతోందో అడుగుతారు కాబట్టి నరానికున్న దవడ కొమ్మ, బుగ్గ కొమ్మ విడివిడిగా ఎంచుకోవచ్చు. కంటి కొమ్మ నొప్పికి మాత్రం ఇది అంత మంచిది కాదు. కనుగుడ్డు స్పర్శ పోతే నలుసు పడినా తెలియదు, పుండై చూపు పోవచ్చు. బెలూన్ పద్ధతిలో పూర్తి మత్తు ఇచ్చి, చిన్న బుడగను బేరిపండు ఆకారం వచ్చేదాకా ఉబ్బించి ఒకటి రెండు నిమిషాలు నరాన్ని నొక్కుతారు. కంటి కొమ్మకు ఇది కొంత సురక్షితం. నమిలే కండరం మాత్రం కొన్ని నెలలు బలహీనపడుతుంది, నొక్కే క్షణంలో గుండె వేగం ఒక్కసారిగా పడిపోవచ్చు. గ్లిసరాల్ సూది వీటిలో తేలికైనది, దాని గుణం త్వరగా తరుగుతుంది.

వీటన్నిటికీ చెల్లించే మూల్యం ముఖం మొద్దుబారడం. నొప్పి కొన్నేళ్లకు తిరిగి రావడం కూడా సాధారణమే, అప్పుడు మళ్లీ చేయించుకోవచ్చు. ప్రతిసారీ తిమ్మిరి పెరుగుతుంది. అరుదుగా, స్పర్శ లేని చోటే ఎడతెగని మంట మొదలవుతుంది. దానికి మంచి వైద్యం లేదు. అందుకే 50 ఏళ్ల ఆరోగ్యవంతుడికి, స్కాన్‌లో ధమని స్పష్టంగా నొక్కుతుండగా, తల తెరవనక్కర్లేదన్న ఒక్క కారణంతో సూదిని మొదటి దారిగా పెట్టడం మాకు సరిగా అనిపించదు.

గామా నైఫ్

పేరులో కత్తి ఉన్నా కోత లేదు. తలకు చట్రం బిగించి నరం మొదట్లో ఒక్క బిందువు మీద 80 నుంచి 90 గ్రే (రేడియేషన్ మోతాదు కొలత) రేడియేషన్ కేంద్రీకరిస్తారు, ఒక్క రోజు పని. రక్తం పలచన చేసే మందులు ఆపలేని గుండె రోగులకు ఇది వరం. గుణం మాత్రం వెంటనే రాదు, కొన్ని వారాల నుంచి ఆరు నెలల దాకా పట్టొచ్చు. ఈలోగా మాత్రలు కొనసాగాలి. ఇవాళ మంచినీళ్లు కూడా తాగలేని మనిషికి ఇది పనికిరాదు. ఏళ్లు గడిచేకొద్దీ గుణం తరుగుతుంది, కొంతమందికి తిమ్మిరి మిగులుతుంది. ఈ యంత్రం ఢిల్లీ ఎయిమ్స్, చండీగఢ్ పీజీఐ లాంటి కొద్ది చోట్లే ఉంది. సైబర్ నైఫ్, లీనాక్ యంత్రాల మీద కూడా ఇదే తరహా చికిత్స చేస్తారు.

మొహం అదురుతుంటే, గొంతులో పొడుస్తుంటే

కింది రెప్ప దగ్గర మొదలై మెల్లగా బుగ్గ, మూతి దాకా ఒక వైపు అదరడం ముఖ కండరాలను కదిలించే ఏడో నరానిది. ఇక్కడా ఎక్కువగా రక్తనాళం నొక్కడమే కారణం. దీనికి నొప్పి ఉండదు. బోటాక్స్ సూదులు బాగా పనిచేస్తాయి గానీ మూడు నాలుగు నెలలకోసారి జీవితాంతం వేయించుకోవాలి. ఒక్కోసారి రెప్ప వాలిపోతుంది. ఎం.వి.డి.తో ఎక్కువమందికి శాశ్వతంగా పోతుంది. ఈ నరం వినికిడి నరానికి ఆనుకునే ఉంటుంది కాబట్టి చెవికి ముప్పు ఐదో నరం ఆపరేషన్ కన్నా ఎక్కువ. అదురు ఆపరేషన్ రోజే ఆగకపోవచ్చు, ఏడాది దాకా చూసి గానీ విఫలమైందనకూడదు. ఒకటి రెండు వారాల తర్వాత మూతి వంకర పోయినా సాధారణంగా తిరిగి వస్తుంది.

మింగినప్పుడు నాలుక మొదట్లో, చెవి లోపల పొడిచే నొప్పి తొమ్మిదో నరానిది. ఆ నొప్పితోపాటు స్పృహ తప్పుతుంటే గుండె క్షణకాలం ఆగుతోందని అర్థం. ఆలస్యం చేయకూడదు.

శ్రీకాకుళం, విజయనగరం నుంచి బయల్దేరే ముందు

మాత్రలు సరిచేయడం, రక్త పరీక్షలు జిల్లా కేంద్రంలోనే అవుతాయి. ఆపరేషన్ ఆలోచనకు మాత్రం న్యూరోసర్జరీ ఉన్న విశాఖకో, హైదరాబాద్ నిమ్స్‌కో వెళ్లాలి. స్కాన్ రిపోర్టు కాగితం ఒక్కటే కాదు, బొమ్మలున్న సీడీ కూడా పట్టుకెళ్లండి. సర్జన్ చూడాల్సింది ఆ బొమ్మల్నే. ఎన్టీఆర్ వైద్య సేవ కార్డుంటే ఈ ఆపరేషన్ ఏ ప్యాకేజీ కింద వస్తుంది, ఆ ఆసుపత్రిలో ఆ విభాగానికి అనుమతి ఉందా అని అడ్మిషన్‌కు ముందే ఆసుపత్రిలో ఆ పథకం పనులు చూసే ఆరోగ్యమిత్రను అడగండి.

సర్జన్‌ని మొహమాటం లేకుండా అడగాల్సినవి కొన్ని ఉన్నాయి. ఏడాదికి ఈ ఆపరేషన్లు ఎన్ని చేస్తారు? చెవి సంకేతాల యంత్రం పెడతారా? లోపల చూశాక ఏ రక్తనాళమూ కనబడకపోతే ఏం చేస్తారు? ఈ మూడో ప్రశ్న ముఖ్యం. అలాంటప్పుడు కొందరు నరం పోగులను విడదీస్తారు, కొందరు కొంత భాగం కోస్తారు. దాంతో తిమ్మిరి వస్తుంది. దానికి ఒప్పుకోవాలో లేదో మత్తులోకి వెళ్లకముందే మీరు నిర్ణయించుకోవాలి. ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ వాడుతుంటే ఎన్ని రోజుల ముందు ఆపాలో గుండె డాక్టరుతో మాట్లాడించండి, సొంతంగా ఆపొద్దు. చుట్ట, బీడీ వారాల ముందే మానాలి. ఆపరేషన్ తర్వాత తెరలు తెరలుగా వచ్చే దగ్గు కుట్టు మీద, మెదడు పొర మీద ఒత్తిడి పెంచుతుంది.

డిశ్చార్జి అయ్యాక ఇచ్ఛాపురం దాకా నాలుగైదు గంటలు కుదుపుల్లో వెళ్లి, మళ్లీ కుట్లు తీయించుకోవడానికి రావడం కన్నా మొదటి చెకప్ దాకా విశాఖలో చుట్టాలింట్లోనో ఆసుపత్రి దగ్గర గదిలోనో ఉండడం మేలు. ముక్కులోంచి నీరు కారితే గంటలో ఆసుపత్రికి చేరగలగాలి. మలబద్ధకం రానివ్వకండి, ముక్కు గట్టిగా చీదకండి, ఆరు వారాలు బరువులెత్తకండి. వరి మోపులు, నీళ్ల బిందెలు, జీడి బస్తాలు అన్నీ అందులోకే వస్తాయి.

నొప్పి మళ్లీ వస్తే ముందు మాత్రలు తిరిగి మొదలుపెట్టి, అవే వరసలతో ఎం.ఆర్.ఐ. మళ్లీ తీయిస్తారు. టెఫ్లాన్ జారిందా, దాని చుట్టూ గడ్డ కట్టిందా, కొత్త రక్తనాళం వచ్చి ఆనుకుందా అని చూస్తారు. కారణం కనబడితే రెండోసారి తెరవొచ్చు, కనబడకపోతే సూది, రేడియేషన్ ఉన్నాయి. మొదటి ఆపరేషన్ నోట్స్‌లో ఏ రక్తనాళాన్ని ఎటు జరిపారో రాసి ఉంటుంది. ఆ కాగితం నకలు డిశ్చార్జి రోజే అడిగి తీసుకుని జాగ్రత్త చేయండి.